కాలిన ఎముకలు, మిగిలిన బొమ్మలు

1910 నవంబరులో ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ అలెగ్జాండ్రియా రేవులో ఓడ దిగాడు. బవేరియాలో పేరున్న కులీన కుటుంబం ఆయనది, వయసు 39 ఏళ్లు. వెతకడానికి వచ్చింది డైనోసార్లను కాదు. క్షీరదాల తొలి రూపాలు ఆఫ్రికా రాళ్లలో దొరుకుతాయన్న నమ్మకంతో వచ్చాడు. ఈజిప్టులో ఆయనకు కుడిభుజంలా పనిచేసినవాడు రిచర్డ్ మార్క్‌గ్రాఫ్. బొహీమియాలో పుట్టి, ఫయూం ప్రాంతంలోని సిన్నూరిస్ పట్టణంలో స్థిరపడి, శిలాజాలు ఏరి ఐరోపా మ్యూజియాలకు పంపడమే బతుకుతెరువుగా చేసుకున్న మనిషి. ఫయూంలో బయటపడ్డ తొలి కోతిజాతి శిలాజాల్లో కొన్ని ఆయన చేతికి దొరికినవే.

కైరో నుంచి నైరుతిగా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ఎడారి దాటితే బహరియా అనే ఒయాసిస్సు వస్తుంది. 1911 జనవరిలో స్ట్రోమర్ అక్కడికి చేరేనాటికి మార్క్‌గ్రాఫ్ జబ్బుపడి వెనకే ఉండిపోయాడు. గెబెల్ ఎల్ దిస్ట్ అనే శంకువులాంటి కొండ చుట్టూ ఉన్న రాళ్లు స్ట్రోమర్ ఆశించిన కాలానివి కావు. సుమారు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో క్షీరదాలు కనిపించలేదు, భారీ ఎముకలు కనిపించాయి. ఆయన వాటిని అక్కడే వదిలి రాలేదు. తర్వాతి ఏళ్లలో మార్క్‌గ్రాఫ్ అదే చోట తవ్వకాలు సాగించి పెట్టెలకొద్దీ ఎముకలు మ్యూనిక్‌కు పంపాడు. 1912లో అలా బయటపడిన ఒక అసంపూర్ణ అస్థిపంజరం స్ట్రోమర్ బల్లమీదికి చేరింది.

ఆ ఎముకలు చూసినవారు ఎవరైనా ఆగిపోవలసిందే. ఒక్కో వెన్నుపూస మీద నిటారుగా లేచిన పొడవాటి ముల్లు ఉంది. అన్నిటికన్నా పొడవైనది 1.65 మీటర్లు, అంటే మనలో చాలామంది నిలువెత్తు. కింది దవడ సన్నగా, పొడుగ్గా ఉంది. దానిలోని పళ్లు మాంసాహార డైనోసార్ల పళ్లలా చదునుగా, కత్తి అంచున రంపపు గాట్లతో లేవు. మొసలి పళ్లలా నున్నగా, శంకువు ఆకారంలో ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం నడుమ, 1915లో, స్ట్రోమర్ ఈ జంతువుకు స్పైనోసారస్ ఈజిప్టియాకస్ అని పేరు పెట్టి ప్రచురించాడు. ఆ గ్రంథంలో ఆయన ప్రతి ముక్కనూ కొలిచాడు, ప్రతి పగులునూ వర్ణించాడు, బొమ్మల పుటల్లో ఒక్కో పూసను ఒక్కో కోణం నుంచి గీయించాడు. అతిగా జాగ్రత్తపడే శాస్త్రవేత్తలను తోటివారు ఒక్కోసారి విసుక్కుంటారు. స్ట్రోమర్ జాగ్రత్త విలువ తెలియడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

మార్క్‌గ్రాఫ్ 1916లో ఈజిప్టులోనే చనిపోయాడు. యుద్ధం వల్ల అక్కడే చిక్కుకుపోయిన పెట్టెలు 1922లో గాని మ్యూనిక్ చేరలేదు. తెరిచి చూస్తే లోపల చాలా భాగం ముక్కలైపోయి ఉంది. స్ట్రోమర్ వాటిని ఏళ్ల తరబడి అతికించుకుంటూ, ఒక్కొక్కటిగా రాసుకుంటూ వెళ్లాడు. కార్కరోడాంటోసారస్ మీద 1931లో, ఈజిప్టోసారస్ అనే పొడవు మెడ శాకాహారి మీద 1932లో, బహరియాసారస్ మీద 1934లో రచనలు వచ్చాయి. 1936 నాటికి ఆయన ముందు ఒక చిక్కుప్రశ్న తేలింది. బహరియాలో భారీ మాంసాహారులు ఒకటికి మూడు రకాలున్నాయి, అవి తినడానికి సరిపడా శాకాహారులు మాత్రం లేవు. ఒకే చోట ఇన్ని పెద్ద వేటజంతువులు ఎలా బతికాయి? శిలాజశాస్త్రంలో దీన్ని ఇప్పటికీ స్ట్రోమర్ చిక్కుముడి అనే అంటారు.

మ్యూనిక్ నడిబొడ్డున, సెయింట్ మైకేల్ చర్చిని ఆనుకుని ఉన్న ఆల్టె అకాడెమీ భవనంలో ఈ ఎముకలు ప్రదర్శనలో ఉండేవి. అప్పటి మ్యూజియం అధిపతి కార్ల్ బాయర్లెన్ నాజీ పార్టీ మనిషి. స్ట్రోమర్ నాజీలను దాపరికం లేకుండా వ్యతిరేకించినవాడు. నగరం మీద బాంబులు పడతాయని, శిలాజాలను భద్రమైన చోటికి తరలించమని స్ట్రోమర్ కోరాడు. తరలించడమంటే ఓటమిని ఊహించడమే అన్నట్టుగా బాయర్లెన్ ఒప్పుకోలేదు. 1944 ఏప్రిల్ 24 రాత్రి బ్రిటిష్ విమానాలు మ్యూనిక్ మీద బాంబులు కురిపించాయి. తెల్లవారేసరికి ఆల్టె అకాడెమీ కాలిపోయింది. స్పైనోసారస్, కార్కరోడాంటోసారస్, ఈజిప్టోసారస్, బహరియాసారస్, అన్నీ బూడిదయ్యాయి. ఆ యుద్ధంలో స్ట్రోమర్ కొడుకులు ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు. మూడోవాడు సోవియట్ల చేతికి చిక్కి 1950లో తిరిగొచ్చాడు. స్ట్రోమర్ 1952లో కన్నుమూశాడు.

అప్పటికి ప్రపంచంలో మరెక్కడా స్పైనోసారస్ అస్థిపంజరం లేదు. మిగిలింది 1915 నాటి పాఠం, దాని బొమ్మలు. అంతరించిన జీవి రెండోసారి అంతరించకుండా ఆపింది ఆ పుటలే.

అయితే బొమ్మల్లో లేనిదాన్ని చిత్రకారులు ఊహించక తప్పలేదు. స్ట్రోమర్‌కు పుర్రె పైభాగం దాదాపు ఏమీ దొరకలేదు గనక, దశాబ్దాలపాటు పిల్లల పుస్తకాల్లో స్పైనోసారస్ అంటే టైరనోసారస్ తలకు వీపున తెరచాప తగిలించిన బొమ్మే. ఆ తప్పు ఊహను చెరిపిన ఆధారం ఎడారి నుంచి కాక, ఇంగ్లండులోని ఇటుకల మట్టి గుంట నుంచి వచ్చింది. 1983 జనవరిలో సర్రే ప్రాంతంలోని ఓక్లీ దగ్గర శిలాజాల మీద ఆసక్తి ఉన్న విలియం వాకర్ అనే ప్లంబర్‌కు ఒక పెద్ద గోరు దొరికింది. వంపు వెంట కొలిస్తే 31 సెంటీమీటర్లు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారు ఆ చోట తవ్వి చాలావరకు అస్థిపంజరాన్ని బయటికి తీశారు. ఆలన్ చారిగ్, ఏంజెలా మిల్నర్ 1986లో దానికి బేరియోనిక్స్ వాకెరి అని పేరు పెట్టారు. మొసలి మూతిలాంటి సన్నటి దవడలు, శంకువుల్లాంటి పళ్లు, బొటనవేలికి భారీ గోరు. పక్కటెముకల మధ్య, కడుపు ఉండే చోట, జీర్ణరసాలు తిన్న చేపపొలుసులు ఉన్నాయి. వాటి పక్కనే ఇగ్వానొడాన్ జాతి పిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. ఆ రెండో సంగతి తరచూ మరుగున పడుతుంది. చేపలు తినే డైనోసార్ అన్న మాట వినడానికి ఎంత బాగున్నా, బేరియోనిక్స్, స్పైనోసారస్‌లు చెందిన స్పైనోసార్ కుటుంబం చేపలతోనే సరిపెట్టుకోలేదు. బ్రెజిల్‌లో దొరికిన ఒక టెరోసార్ మెడపూసలో స్పైనోసార్ పన్ను విరిగి ఇరుక్కుని ఉందని 2004లో ప్రచురించారు.

స్పైనోసార్ల చరిత్రలో ఎముకల వ్యాపారం మొదటినుంచీ ఉంది. మార్క్‌గ్రాఫ్ కూడా ఒకరకంగా ఆ వ్యాపారంలోని వాడే, అయితే ఎక్కడ తవ్వాడో చెప్పి పంపేవాడు. ఆ సమాచారం లేకుండా వచ్చిన ఎముక ఏం చేస్తుందో బ్రెజిల్ పుర్రె ఒకటి చూపించింది. అరారిపె ప్రాంతం నుంచి అమ్మకానికి వచ్చిన ఆ పుర్రె ముందుభాగాన్ని, ఎక్కువ ధర పలుకుతుందని, వ్యాపారులు పూతలతో పొడిగించారు. కొన్నాక శాస్త్రవేత్తలు ఆ అతుకులు తొలగించి అసలు ఎముకను విడదీయడానికి నానా అవస్థ పడ్డారు. డేవిడ్ మార్టిల్ బృందం 1996లో దానికి ఇరిటేటర్ చాలెంజరి అని పేరు పెట్టింది. పేరులోని మొదటి మాట తమ చిరాకుకు గుర్తు, రెండోది కోనన్ డాయిల్ నవలలోని ప్రొఫెసర్ చాలెంజర్‌కు.

ఈ వ్యాపారం అన్నిటికన్నా విస్తారంగా సాగేది మొరాకో ఆగ్నేయ భాగంలో. అల్జీరియా సరిహద్దు పొడవునా సాగే కెంకెం కొండచరియల్లో బహరియా కాలానికి దగ్గరి కాలపు రాళ్లున్నాయి. ఎర్ఫూద్ పట్టణం చుట్టుపక్కల ఊళ్ల మనుషులు ఆ చరియల్లోకి చేతిపనిముట్లతో ఇరుకైన సొరంగాలు తొలుస్తారు. పైకప్పు కూలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దొరికిన పళ్లూ పూసలూ మధ్యవర్తుల చేతుల మీదుగా దుకాణాలకూ విదేశాలకూ పోతాయి. ఈ తవ్వేవాళ్లను దొంగలుగా చూడటం సులువు. కానీ ఆ చరియల్లో ఏ పొరలో ఏముంటుందో వాళ్లకు తెలిసినంతగా ఏ విశ్వవిద్యాలయానికీ తెలియదు. స్పైనోసారస్ తిరిగి దొరకడంలో పెద్ద వాటా వాళ్లదే.

మొరాకో నుంచి మిలాన్ మ్యూజియానికి చేరిన ఒక మూతిభాగాన్ని క్రిస్టియానో దాల్ సస్సో బృందం 2005లో వర్ణించింది. ఆ మూతి ఒక్కటే మీటరుకు ఒక సెంటీమీటరు తక్కువ. నాసికారంధ్రాలు చాలా వెనకగా, కళ్లకు దగ్గరగా ఉన్నాయి. ఒక పన్ను గుంటలో ఆంకోప్రిస్టిస్ అనే రంపపు చేప వెన్నుపూస ఇరుక్కుని ఉంది. పుర్రె మొత్తం 1.75 మీటర్ల దాకా ఉంటుందని వాళ్లు లెక్కగట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే జురాసిక్ పార్క్ మూడో సినిమాలో స్పైనోసారస్ టైరనోసారస్ మెడ విరిచేసింది. సినిమా ఇచ్చిన పేరుకు ఇక శరీరం కావాలి.

నిజార్ ఇబ్రహీం జర్మన్, మొరాకో మూలాలున్న యువ పరిశోధకుడు. 2008లో ఎర్ఫూద్‌లో మీసాలున్న ఒక శిలాజాల వ్యాపారి అట్టపెట్టెలో కొన్ని ఎముకలు తెచ్చి చూపించాడు. వాటిలో కత్తి అలుగులా పొడవైన ముక్క ఒకటి. విరిగిన చోట ఎర్రటి గీత. మరుసటి ఏడాది మిలాన్ మ్యూజియంలో దాల్ సస్సో, ఆయన సహచరుడు మగానుకో తమకు చేరిన ఒక అసంపూర్ణ అస్థిపంజరాన్ని చూపించినప్పుడు, అందులోని వెన్నుముళ్ల మీద అదే ఎర్రటి గీత ఇబ్రహీంకు కనిపించింది. రెండూ ఒకే జంతువువి అయి ఉండవచ్చు. అలాగైతే ఆ చోటు తెలిసింది ఆ మీసాల మనిషికే. పేరు తెలియదు, ఊరు తెలియదు. 2013లో ఇబ్రహీం, మార్టిల్, మొరాకో శాస్త్రవేత్త సమీర్ జూహ్రీ ఆ మనిషి కోసం ఊరూరా తిరిగి, ఆశ వదులుకుని ఎర్ఫూద్‌లో ఒక కాఫీ దుకాణం ముందు కూర్చున్నారు. అతను వాళ్ల ముందునుంచే నడిచి వెళ్లాడు. ఇబ్రహీం లేచి వెంటబడ్డాడు. అతను వాళ్లను కొండమీద తాను తవ్విన గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ మరిన్ని ఎముకలు మిగిలి ఉన్నాయి.

2014 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన వివరాలు స్పైనోసారస్ ఆకారాన్నే మార్చేశాయి. వెనక కాళ్లు, నడుము ఎముకలు శరీరంతో పోలిస్తే చిన్నవి. మాంసాహార డైనోసార్ల కాలి ఎముకల్లో మూలుగ ఉండే బోలు సాధారణం. దీని తొడ ఎముకలో ఆ బోలే లేదు, లోపలిదాకా గట్టి ఎముక. పెంగ్విన్లలో, నీటిలో మునిగే ఇతర జంతువుల్లో కనిపించే లక్షణమది. మూతి చివర మొసళ్లకు ఉండేలాంటి చిన్న రంధ్రాలున్నాయి. నీటిలో కదలికల ఒత్తిడిని పసిగట్టే నరాలు వాటిగుండా వచ్చి ఉంటాయని పరిశోధకులు అన్నారు. పొడవు సుమారు 15 మీటర్లని లెక్కగట్టారు. డైనోసార్లలో నీటికి అలవాటుపడ్డ వేటగాడు ఇదేనని ఆ బృందం ప్రకటించింది. దానికి ముందే, 2010లో, రొమాన్ అమియో బృందం స్పైనోసార్ పళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచి, అవి నేలమీది మాంసాహారుల కన్నా మొసళ్లకూ తాబేళ్లకూ దగ్గరగా ఉన్నాయని చూపించింది.

ఇక్కడినుంచి గొడవ మొదలైంది, అది మంచి గొడవే. 2014 నాటి శరీరం ఒకే జంతువుది కాదు. మొరాకోలో దొరికిన ఎముకలకు, మిలాన్ మూతికి, స్ట్రోమర్ బొమ్మల్లోని కాలిపోయిన పూసలకు కొలతలు సరిచేసి కంప్యూటర్‌లో కూర్చిన రూపం. కొలతలు సరిచేసే చోట చిన్న తేడా వస్తే కాళ్ల పొడవు మారిపోతుంది, కాళ్లు మారితే నడక మారుతుంది. 2018లో డొనాల్డ్ హెండర్సన్ అనే కెనడా శాస్త్రవేత్త కంప్యూటర్ నమూనాను నీటిలో తేలించి చూశాడు. అది పక్కకు ఒరిగిపోయింది, మునగడం కూడా కష్టమేనని తేల్చాడు.

ఇబ్రహీం అదే ఏడాది మళ్లీ గుంట దగ్గరికి వెళ్లాడు. ఈసారి తోక దొరికింది. 2020లో నేచర్ పత్రికలో దాన్ని చూసినవాళ్లకు నోట మాట రాలేదు. తోకపూసల మీద కూడా పొడవాటి ముళ్లు, కింద కూడా పొడవాటి ఎముకలు, మొత్తం కలిపి ఎత్తైన చదునైన చేపతోక లాంటి తెడ్డు. హార్వర్డ్‌లో ఆ ఆకారాన్ని ప్లాస్టిక్‌లో కత్తిరించి, యంత్రానికి తగిలించి నీటితొట్టిలో ఊపి చూశారు. ఇతర మాంసాహార డైనోసార్ల తోకలతో పోలిస్తే ఎనిమిది రెట్లకు పైగా తోపు వచ్చింది.

తోకే తేల్చేసిందని చాలామంది అనుకున్నారు. తేల్చలేదు. 2021లో డేవిడ్ హోన్, థామస్ హోల్ట్జ్ ఇది ఈతగాడు కాదని, ఒడ్డున, లోతులేని నీటిలో కొంగలా నిలబడి మూతితో చేపల్ని పట్టే జంతువని వాదించారు. 2022 మార్చిలో మతేయో ఫాబ్రి బృందం వందలాది జంతువుల ఎముకల సాంద్రత పోల్చి, స్పైనోసారస్, బేరియోనిక్స్ నీటిలో మునిగి వేటాడాయని నేచర్‌లో రాసింది. ఆ ఏడాది చివర్లో పాల్ సెరెనో బృందం ఇది నీటి జంతువు కాదని నేరుగా శీర్షికలోనే చెప్పి మరో వ్యాసం వేసింది. 2024లో నేథన్ మిర్వోల్డ్, సెరెనో తదితరులు ఫాబ్రి వాడిన గణాంక పద్ధతిలో లోపాలున్నాయని రాశారు. సెరెనో, ఫాబ్రి, మిర్వోల్డ్ ముగ్గురూ 2014 నాటి సైన్స్ వ్యాసంలో కలిసి సంతకం చేసినవాళ్లే. ఎముకలు అవే, మనుషులూ వాళ్లే. నిర్ణయం మాత్రం రెండుగా చీలింది.

వీపు తెరచాప సంగతి ఇంకా తెగలేదు. అది తెరచాప కాదు, ఎద్దు మూపురంలా కొవ్వు దిబ్బ అని జాక్ బెయిలీ 1997లో వాదించాడు. తెరచాప చేపకు రెక్క ఉపయోగపడినట్టు నీటిలో మలుపు తిరగడానికి పనికొచ్చేదని జర్మన్ పరిశోధకులు 2015లో అన్నారు. తోటివాటికి కనబడేలా ప్రదర్శించుకోవడానికే అన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. వీటన్నిటిలో ప్రదర్శన వాదమే బలంగా ఉంది, ఎందుకంటే నీటిలో వేగంగా ఈదే జంతువుకు వీపు మీద అంత ఎత్తైన అడ్డు భారమే. అలాగని ఆ తోకను పక్కన పెట్టలేం. ఈ జంతువు గురించి ఏ ఒక్క వాక్యం రాసినా శరీరంలోని మరో ఎముక దాన్ని నిలదీస్తుంది.

స్ట్రోమర్ చిక్కుముడి మాత్రం చాలావరకు విడింది, అదీ చేపల సాయంతోనే. బహరియా ఇప్పుడు ఎడారి గాని, అప్పట్లో కోరింగ దగ్గర మనం చూసే మడ అడవుల్లాంటి తీరం. 2000లో అక్కడ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం బృందం తవ్వి తీసిన పొడవు మెడ శాకాహారికి, స్ట్రోమర్ గౌరవార్థం, పారాలిటైటన్ స్ట్రోమెరి అని పేరు పెట్టింది. అదికూడా మడనేల మట్టిలోనే దొరికింది. అప్పటి నీళ్లలో నాలుగు మీటర్ల దాకా పెరిగే మాసోనియా అనే సీలకాంత్ చేపలు, రంపపు చేపలు సమృద్ధిగా ఉండేవి. 2018లో ఒగుస్ట్ హస్లర్ తదితరులు కెంకెం, నైజర్ శిలాజ పళ్లలోని కాల్షియం ఐసోటోపులు కొలిచారు. స్పైనోసార్లు ప్రధానంగా నీటి ఆహారం మీద, కార్కరోడాంటోసార్లు నేలమీది జంతువుల మీద ఆధారపడ్డాయని తేలింది. ఒకే విస్తట్లో చేయి పెట్టకపోతే తగవెందుకు? కెంకెంలోని ఒక నదీ నిక్షేపం నుంచి ఏరిన 1200కు పైగా పళ్లలో 45 శాతం స్పైనోసారస్‌వే అని 2020లో మరో లెక్క వచ్చింది. నదీగర్భంలో ఇన్ని పళ్లు రాలాయంటే ఆ జంతువు రోజులో చాలా భాగం నీళ్లలోనో, నీళ్ల పక్కనో గడిపి ఉండాలి.

ఇదంతా మొరాకో ఆధారం. స్ట్రోమర్ జంతువు ఈజిప్టుది. రెండు చోట్ల మధ్య మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. 1944లో కాలిన అసలు నమూనాకు బదులుగా మొరాకో అస్థిపంజరాన్ని ప్రామాణికంగా తీసుకోవాలని 2014 బృందం ప్రతిపాదించింది. రెండూ ఒకే జాతివన్న గట్టి రుజువు లేదని సెర్జోషా ఎవర్స్ తదితరులు 2015లో అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం పట్టింపులా కనిపించవచ్చు. ఇటీవలి ఒక సంఘటన దానికి బలమిచ్చింది.

స్ట్రోమర్ కుమారుడు వోల్ఫ్‌గాంగ్ తండ్రి కాగితాలను 1995లో మ్యూనిక్ మ్యూజియానికి ఇచ్చాడు. వాటిలో పారాలిటైటన్ బృందంలోని జాషువా స్మిత్‌కు 2000లో స్పైనోసారస్ ఎముకల ఫొటోలు దొరికాయి. బొమ్మలు గీసినవాడి చేయి ఎంత నిజాయితీగా నడిచిందో వాటితో పోల్చి చూడగలిగారు. ఆ తర్వాత ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్రిష్ ఫాన్ హ్యూనే సేకరణలో మరికొన్ని ఫొటోలు బయటపడ్డాయి. 1944కు ముందు మ్యూనిక్‌లో ప్రదర్శనలో ఉన్న కార్కరోడాంటోసారస్ అస్థిపంజరం వాటిలో ఉంది. హ్యూనే పేరు తెలుగువాళ్లకు పరాయిది కాదు. జబల్‌పూర్ డైనోసార్ల మీద మ్యాట్లీతో కలిసి 1933లో, పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి పొరల ట్రయాసిక్ జంతువుల మీద 1940లో పుస్తకాలు వేసింది ఆయనే. మాక్సిమిలియన్ కెల్లర్మాన్ బృందం ఆ ట్యూబింగెన్ ఫొటోలను పరిశీలించి 2025 జనవరిలో ఫలితం ప్రకటించింది. ఈజిప్టు జంతువు మూతి మీద కొమ్ములాంటి బుడిపె ఉంది, మొరాకో జంతువుకు అది లేదు. అంటే ఇంతకాలం ఒకటే అనుకున్నవి రెండు. ఈజిప్టు దానికి టామెరిరాప్టర్ మార్క్‌గ్రాఫి అని పేరు పెట్టారు. ఎర్రటి ఇసుకలో ఎముకలు ఏరి, 1916లో పోయిన మనిషికి ఇంత ఆలస్యంగా దక్కిన మర్యాద అది.

కార్కరోడాంటోసారస్ విషయంలో జరిగింది స్పైనోసారస్ విషయంలోనూ జరగవచ్చు. బహరియా నుంచి ఇంకొక అస్థిపంజరం రావాలి. ఇప్పుడు ఆ పని ఈజిప్టువాళ్లే చేస్తున్నారు. మన్సూరా విశ్వవిద్యాలయంలో హిషాం సల్లాం కట్టిన బృందం 2016లో బహరియాలో దొరికిన ఒక మెడపూసను 2022లో ప్రచురించింది. అది అబెలిసార్ జాతి మాంసాహారిది. మన నర్మదా లోయ రాజాసారస్‌కు దూరపు చుట్టం. స్ట్రోమర్ జాబితాలో లేని మరో వేటగాడు ఆ తీరంలో ఉన్నట్టు తేలింది. స్పైనోసారస్ చేతుల ఎముకలు మాత్రం ఈజిప్టులో గాని మొరాకోలో గాని ఇంతవరకూ పూర్తిగా దొరకలేదు. బొమ్మల్లోనూ సినిమాల్లోనూ దానికి ఉన్న చేతులు బేరియోనిక్స్, దాని దగ్గరి చుట్టం సుకోమైమస్‌ల నుంచి అరువు తెచ్చినవే.